గంతల్లోంచి చూసినవి

మే 3, శనివారం

కోయంబత్తూరు నుంచి అక్కా బావా దిగారు. ఆర్.ఎస్. పురంలో ఇంటికి రంగులేస్తున్నారట, వాసన పోయేదాకా ఇక్కడే. అక్క చేతిలో పూలు. బావ చేతిలో పెట్టె. ఆటల కన్సోలు, దానికి తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్, ఒక స్టీరింగు చక్రం కూడా. ముప్పై దాటిన మనిషి.

"ఏం తోళర్, పెట్టుకుని చూస్తావా?" అరవంలో కామ్రేడ్ అని, బావ వెక్కిరింపు.

నేను అన్నాను — గానుగెద్దుకి గంతలు కడతారు, తిరుగుతున్నది ఒకే చోటని దానికి తెలియకూడదని. ఇదీ అంతే. బావ నవ్వి, "ఎద్దుకి ఇంత మంచి బొమ్మ కనపడదులే" అన్నాడు. లేచి వచ్చేశాను.

తెలుగులోనే రాస్తున్నాను. తప్పులుంటే ఉండనీ. అరవదేశంలో పుట్టి పెరిగిన ఇల్లు; అందరూ మాట్లాడతారు, చదవడం ఎవరికీ రాదు. తాళం అక్కర్లేదు.

మే 4

అమ్మ పెట్టుకుంది. నా కంటే ముందు. కళ్ళజోడు తీసి, తల్లో పూలు నలగకుండా పట్టీని పైకి జరిపి. కాసేపు అటూ ఇటూ తిరిగింది. "ఇంత పెద్ద ఇల్లు, ఒక్క మనిషి లేడే" అని తీసేసింది. నేను కరపత్రంలో రెండు పేజీల్లో చెప్పలేనిది...

మే 5

పెట్టుకున్నాను. ఒకదాన్ని ఖండించాలంటే ముందు దాన్ని తెలుసుకోవాలి — ఇది సాకు కాదు. సాకేనేమో.

వెనక చిన్న చక్రం. తిప్పితే పట్టీ తలకి బిగుస్తుంది. కళ్ళ చుట్టూ రబ్బరు, వెలుతురు పూర్తిగా ఆగిపోతుంది. అనుకున్నంత బరువు లేదు గానీ చెమట. మే నెలలో మా బోడి ఊళ్ళో ఎవరు పెట్టుకోవాలి దీన్ని? అద్దాలు మసకేశాయి, తుడిచి మళ్ళీ. ముందు మన కళ్ళను అది చూస్తుంది — చుక్కలు వస్తాయి, తల కదపకుండా కళ్ళతో వాటి వెంట వెళ్ళాలి. నేనెటు చూస్తున్నానో దానికి తెలుస్తోంది. అక్కడే ఒళ్ళు మండింది. మా అమ్మకే తెలియనిది దీనికెందుకు?

ఆ తర్వాత కొండ అంచు.

బొమ్మ అని తెలుసు. కింద మా ఇంటి సిమెంటు నేల అని అరికాలికి తెలుసు. అయినా కాలు ముందుకు పడలేదు. బావ వెనకనుంచి "నడు, నడు" అంటున్నాడు. ఒక బొత్తాం నొక్కితే ఆ అద్దాల్లోంచే మా ఇల్లు కనపడింది, బూడిద రంగులో. బూడిద రంగు అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. ఒక్క క్షణం — అమ్మే బొమ్మ అనిపించింది.

తెలుసుకోవడమే విడుదల అని చదివాను. తెలిసి కూడా కాలు కదలకపోతే దాన్నేమంటారు? ఏ పుస్తకంలోనూ లేదు.

మే 6

వాంతి. రోజంతా ఇల్లు ఊగుతోంది. మళ్ళీ ముట్టుకోను.

మే 7

ముట్టుకున్నాను.

సాయంత్రం మా సంఘంలో ఉండే సెల్వం ఇంటికెళ్ళి నోటీసు పూర్తి చేశాం. పద్దెనిమిదిన కూటం, అంటే సభ, బస్టాండు పక్కన. ఏలక్కాయ తోటలకి కూలి ఆడవాళ్ళను జీపుల్లో మూటల్లా కుక్కి ఘాట్ ఎక్కించడం ఆపాలని. మొదటి కోరిక, జీపులో జనానికి పరిమితి. రెండోది నేను రాసింది: ప్రతి డ్రైవరుకీ ఏటేటా కంటి పరీక్ష, తప్పితే లైసెన్సు రద్దు. సెల్వం చదివి "నిప్పు" అన్నాడు.

ఇంటికొస్తే నైనా జీపు కడుగుతున్నాడు. "నోటీసులో మన బండి కూడా ఉందా?"

"మీరు ఎక్కువమందిని ఎక్కించరు కదా నైనా."

"నేనడిగింది అది కాదు."

మే 8

కార్ల పందెం. చక్రాన్ని స్టూలుకి బిగించి, హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే నిజంగా బండి లోపలే. పక్క సీటు కుట్లు కూడా కనపడతాయి. తల తిప్పితే వెనక అద్దం. గులకరాయి ఎక్కితే నుదుటి మీద హెడ్‌సెట్ వణుకుతుంది. మూడుసార్లు లోయలో పడ్డాను. "డ్రైవరు కొడుకువి రా నువ్వు," బావ. నాకు రోషం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

నైనా గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతూ టీవీలో చూస్తున్నాడు. "కొండ రోడ్డు బాగా వేశారే. రేపు నన్ను కూర్చోనీ."

మే 9

ఇవాళ్టిది సరిగా రాయాలి.

నైనా తోట నుంచి బండి తెచ్చి, ముఖం కడుక్కుని కూర్చున్నాడు. చెప్పులు విడిచాడు. ఆ ప్లాస్టిక్ చక్రాన్ని రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకున్నాడు. బావ నవ్వలేదు, పాపం, ఆపుకున్నాడు.

హెడ్‌సెట్ పెట్టాం. టీవీలో రెండు కళ్ళ బొమ్మలు. కుడిది పచ్చగా మారింది. ఎడమది మారలేదు. ఎడమ కన్ను చూపు అందడం లేదు, సర్దుకోండి అని ఇంగ్లీషులో వచ్చింది. బావ సర్దాడు. అద్దం తుడిచాడు. పట్టీ బిగించాడు.

"మామా, రెండు కళ్ళూ తెరవండి."

"తెరిచే ఉన్నాను అల్లుడూ."

"కొత్తది, అప్పుడే పాడైంది" అని బావ ఆ భాగం దాటవేసి ఆట పెట్టాడు.

నైనా నడిపాడు. ప్రతి మలుపు ముందూ హారన్. ఒక చోట ఎదురుగా కారు ఎక్కి వస్తుంటే పక్కకు తీసి ఆపేశాడు. వెనకున్న కార్లన్నీ దాటి వెళ్ళిపోయాయి. బావ మంచం మీద పడి పొట్ట పట్టుకున్నాడు.

"మామా, ఇది పందెం."

"అయితే? ఎక్కే బండికి దారి ఇయ్యాలా వద్దా?"

అందరం నవ్వాం. నేను కూడా. తర్వాత చూశాను — కుడి మలుపులు నున్నగా, ఒక గీత లేకుండా. ఎడమ మలుపు వచ్చిన ప్రతిసారీ గోడకి రాసుకుంటూ. "బండి చేతికి కొత్త" అన్నాడు. హెడ్‌సెట్ తీసేటప్పుడు నా వైపు చూడలేదు.

మే 10

బావ పెట్టుకుంటే రెండు కళ్ళూ పచ్చ. నేను పెట్టుకుంటే పచ్చ. నా ఎడమ కన్ను మూసుకుని పెట్టుకుంటే — నిన్నటి మాటే, అక్షరం తేడా లేదు.

పెట్టె చెడిపోలేదు.

అమ్మ ఎప్పుడూ గ్లాసు ఆయన కుడి చేతివైపే పెడుతుంది. ఎన్నాళ్ళనుంచి? నేను ఒకే ఇంట్లో ఉండి... నాకు రెండు కళ్ళున్నాయి కదా.

మే 11, ఆదివారం

అడిగాను. నైనా రేడియేటర్‌లో నీళ్ళు పోస్తున్నాడు.

"సుగర్ వచ్చాక మసక. ఇప్పుడు మసక కూడా లేదు. డాక్టరు చూశాడు. నరం పోయింది, ఇక రాదన్నాడు." వానపడేలా ఉంది అన్నట్టు చెప్పాడు.

అరిచాను. నోటికొచ్చిందంతా. సగం నోటీసులో మాటలే — ప్రాణాలతో చెలగాటం, నేరం. నైనా మూత బిగించి, "అరవకు. పక్కింటివాళ్ళకి చెవులు బాగానే పనిచేస్తాయి" అన్నాడు.

"మరి ఘాట్ ఎలా ఎక్కుతున్నారు?"

"ఎప్పుడన్నా వచ్చి చూడు."

మే 12

వెళ్ళాను. వెనక ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను, క్యారియర్ల మీద కాళ్ళు పెట్టుకుని. ముందు సీట్లో, ఎడమవైపు, చెల్లత్తాయక్క. ఎన్నో ఏళ్ళుగా కలుపు తీయడానికి ఆ తోటకే వెళ్తోంది, ఎప్పుడూ ఆ సీటే. పెద్దది కదా, అందుకనుకునేవాణ్ణి.

ఘాట్ మొదలయింది. ఆమె ఆకు నములుతూ కూతురి కడుపు గురించి అరవంలో మాట్లాడుతోంది. మధ్యలో, అదే గొంతుతో — "ఎడమ ఖాళీ, అణ్ణే." మళ్ళీ కూతురు. "రాయి పడుంది." నైనా చక్రం కొంచెం కుడికి. "ఇంకొంచెం... ఆ, చాలు." మళ్ళీ కూతురు, ఎనిమిదో నెల, కాళ్ళ వాపు. ఒక మలుపులో పై నుంచి బస్సు దిగితే మాట ఆపి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అంచు ఎంత దూరమో చూసుకుంటూ "రా, రా, రా" అంది. బండి లోయ పక్కకి జరిగింది, ఆగింది. బస్సు పోయింది. వెనక ఆడవాళ్ళు తలెత్తలేదు. రేషను బియ్యంలో పురుగుల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఇంతకు ముందు ఈ బండెక్కాను. ఈ మాటలూ విన్నాను. ముసలావిడ వాగుడనుకున్నాను.

తోట దగ్గర చెల్లత్తాయక్కను పక్కకి పిలిచాను. తెలిసే ఎక్కుతున్నారా?

"తెలుసు తంబీ. కన్ను పోయిన కొత్తలో మీ నైనా కొండ కిందే బండి ఆపి చెప్పాడు. ఇట్లా అయింది, ఇష్టం లేనివాళ్ళు వేరే బండి చూసుకోండి అని. ఇద్దరు దిగిపోయారు. మేం ఉన్నాం."

"ఎందుకు?"

"వేరే బండి డ్రైవరుకి కళ్ళు రెండున్నాయి. ఒకటి ఫోను మీద ఉంటుంది."

"నోటీసు మీకోసమే వేస్తున్నాం అక్కా."

"సెల్వం చదివి వినిపించాడు. బాగుంది. రెండోది పెట్టేముందు ఒక మాట అడిగుంటే..."

నాకు కోపం వచ్చింది. "సరిగ్గా మలుపులో మీకు తుమ్ము వస్తే?"

"తుమ్మనులే" అని నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. కొంగుతో మూతి తుడుచుకుని, రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. నేను గెలిచినట్టా?

మే 13

సెల్వం ఫోను. నోటీసులు అచ్చయ్యాయి. "రెండో కోరిక గురించి కూటంలో నువ్వే మాట్లాడు."

"భాష కొంచెం మార్చాలేమో" అన్నాను.

"అచ్చయ్యాక ఏం మారుస్తావ్? భయపడ్డావా?"

వాణ్ణి తిట్టి పెట్టేశాను. భయపడలేదు. భయపడ్డాను. ఆ కోరిక తప్పు కాదు. ఇప్పుడు రాసినా అదే రాస్తాను. అదే నా బాధ.

మే 14

ఎడమ కన్ను మూసి, పైన దూది పెట్టి, హెడ్‌సెట్ బిగించుకున్నాను. బావను పక్కన కూర్చోబెట్టాను. "నువ్వు టీవీలో చూసి ఎడమ చెప్పు."

"ఏంటి ఈ పిచ్చి?"

"చెప్పు బావా."

ఒక కన్నుతో రోడ్డు చదునుగా అయిపోతుంది, గోడకి అంటించిన కాగితంలా. దూరం తెలియదు. ముక్కుకి ఎడమ పక్క లోకమే లేదు. బావ చెబుతున్నాడు — ఖాళీ, ఖాళీ, కొంచెం కుడి. మొదట నమ్మలేదు, తల తిప్పి చూడబోయి రోడ్డు పోగొట్టుకున్నాను. తర్వాత తిప్పడం మానేశాను. వింటూ నడిపాను. మలుపు తర్వాత మలుపు... వెళ్ళింది. బండి వెళ్ళింది. రెండు కళ్ళతో ఎప్పుడూ ఇంత దూరం పోలేదు. ఒళ్ళంతా ఏదో... సంతోషం అని రాయడానికి సిగ్గు.

"బావా, ఎడమ?"

"ఒక్క నిమిషం, మెసేజి—"

పడిపోయాను. లోయ గిర్రున తిరిగింది, నుదుటి మీద వణుకు. మరుక్షణం బండి మళ్ళీ రోడ్డు మీదే, ముందరి అద్దం మీద దుమ్ము కూడా లేకుండా.

ఇందులో పడితే తీసి మళ్ళీ రోడ్డు మీద పెడతారు.

హెడ్‌సెట్ తీసి మంచం మీదికి విసిరాను. బావ ఫోను పక్కన పెట్టాడు. మెల్లిగా, "మామకేనా?" అన్నాడు. తలూపాను.

మే 15

వాళ్ళు వెళ్ళిపోయారు. పెట్టె కూడా. బస్సెక్కే ముందు బావ నైనాతో, కోయంబత్తూరులో పెద్ద డాక్టరు ఉన్నాడు మామా అన్నాడు. "చూద్దాం అల్లుడూ." ఎవరూ చూడరని ముగ్గురికీ తెలుసు.

హాల్లో స్టూలు ఖాళీ. వెళ్ళి కూర్చున్నాను, ఊరికే.

మే 16, శుక్రవారం

చెల్లత్తాయక్క కూతురికి ముందే నొప్పులు మొదలయ్యాయట, అక్క తోడుగా తేని పట్నం ఆసుపత్రికి వెళ్ళింది. వారం రాదు.

అన్నం తింటూ నైనా, "రేపు ముందు సీటుకి మనిషి లేదు" అన్నాడు. అమ్మ గరిటె రసం గిన్నెలోనే ఉండిపోయింది. "నువ్వొస్తావా?"

"బండి ఆపండి."

"ఆపితే తోటవాళ్ళు వేరే జీపు మాట్లాడుకుంటారు. ఇంక మళ్ళీ పిలవరు."

"పిలవకపోతే పిలవకపోనీ. మీరు ఎక్కించేది మనుషులను."

"తెలుసు. ఒక్కొక్కరి పేరూ తెలుసు."

"ఆపకపోతే కొండ మీద చెక్‌పోస్టులో నేనే చెబుతాను." నిజంగానే అన్నాను. అమ్మ నన్ను చూసిన చూపు... పోనీ.

నైనా చెయ్యి కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు. కోపం లేదు. "చెప్పు. చెప్పాల్సిందే అయితే చెప్పు. అక్కడిదాకా మాత్రం నా పక్కన కూర్చుని ఎడమ చూడు."

ఇది బెదిరింపా, బతిమాలడమా? కూర్చుంటే నేను ఖండించినదానికి నేనే కన్నయినట్టు. కూర్చోకపోతే, అలవాటు లేని మనిషినెవరినో కూర్చోబెట్టుకుని ఎక్కుతాడు. ఎక్కి తీరతాడు. ఎటు తిరిగినా వాళ్ళు వెనక ఉన్నారు, క్యారియర్లు ఒళ్ళో పెట్టుకుని.

మే 17, శనివారం

గుమ్మంలో నిలబడి రాస్తున్నాను. చీకటి పూర్తిగా పోలేదు. ఆడవాళ్ళందరూ వెనక ఎక్కారు. ముందు సీటుకి ఎవరూ రావడం లేదు. ఇంజను నడుస్తోంది. నైనా రెండు చేతులూ చక్రం మీద పెట్టి తిన్నగా రోడ్డునే చూస్తున్నాడు. ఎడమ తలుపు తెరిచి ఉంది. ఎక్కానో లేదో, నేను నోరు తెరిచేదాకా ఆయనకు తెలియదు.