శనివారం గోలీ

బోధన్,
11-2-1968

అవ్వకు గంగారాం దండాలు. నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పెట్టుకోకు.

మొన్న మా మందుల దుకాణానికి చెరుకు కొట్టే హన్మవ్వ వచ్చింది. ఆమెదీ నీ జబ్బే, క్షయ. రోజుకొక గోలీ చొప్పున నెలకని ఇచ్చిన డబ్బాలో తొమ్మిది మిగిలి ఉన్నాయి. ఎందుకు మిగిలాయని అడిగాను.

"సోమారం, శనారం ఒక్కపొద్దుంట బిడ్డా. దేవునికి మొక్కి నోట్ల గోలీ ఎట్లేసుకుంట?" అంది.

తగ్గిన దగ్గు మళ్లీ తిరగబెట్టింది. డాక్టరు మందు మొదటి నుంచి మొదలుపెట్టాడు.

అప్పటి నుంచి నువ్వే కళ్లలో మెదులుతున్నావు. లింబాద్రి నర్సింహస్వామికని నువ్వూ ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉంటావు కదా. ఈ కార్డు చదివి వినిపించే చెల్లె వసంత నీ డబ్బా తెరిచి, ఎన్ని మిగిలాయో నాకు రాయాలి. ఈ విషయంలో నీ మాట నమ్మను, దాని మాటే నమ్ముతాను.

జబ్బు పేరు కార్డు మీద రాశానని, పోస్టుమాన్ చదివి ఊరంతా చెప్తాడని కోప్పడకు. చెప్పనీ. దాచితే పోయే జబ్బు కాదు ఇది.

పసుపు ఉడకబెట్టడం అయిందా? ఆ పొగ దగ్గరికి నువ్వు పోవద్దు, బాపు చూసుకుంటాడు. బాపుకు దండాలు, వసంతకు దీవెనలు.

మొక్కు తప్పుతుందని భయపడకు. నిన్న శనివారం నీ ఒక్కపొద్దు నేను ఉన్నాను. నీ మందు అయిపోయేదాకా ప్రతి శనివారం నేనే ఉంటాను. నువ్వు గోలీ వేసుకో.

నీ కొడుకు
గంగారాం