పద్నాలుగు మిల్లీమీటర్లు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాసేది. ఇక్కడ నాన్న, నేను, మరదలు, పాప అందరం కులాసాగానే ఉన్నాం. నువ్వూ ఆ కొండమీద ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావనే అనుకుంటున్నాను. ఈ సంచీ ఇస్తూ లారీ బాబాయి ఒక మాట నోటితో కూడా చెప్పి ఉంటాడు. ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు నీ పెద్ద చైన్ రంపం స్టార్టు తాడు లాగొద్దు. ఎందుకని ఆయన్ని అడగకు, ఆయనకు తెలియదు. మీ మేస్త్రీ కేకలేస్తే వెయ్యనీ. ఒక్క పూట చెట్లు నిలబడే ఉంటే కొంపేం మునిగిపోదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పాపకు కింద రెండు పళ్ళు వచ్చాయి. వచ్చిన దగ్గర్నుంచి కనబడిందల్లా కొరుకుతోంది, మొన్న నా ఆకురాయి పిడి మీద కూడా గాట్లు పెట్టింది. మరదలికి నడుం నొప్పి తగ్గింది. నీ బూట్ల అడుగులు కుట్టించాను, సంచీలోనే ఉన్నాయి. ఎడమదాని మడమ ఎప్పుడూ ముందే అరిగిపోతుంది, నీ నడకే అంత. నాన్నకు దగ్గు తగ్గింది గానీ చెవుడు తగ్గలేదు. ఆమధ్య అన్నానికి రమ్మని మూడుసార్లు పిలిస్తే, "ఏ స్క్రూ?" అన్నాడు. నలభై ఏళ్ళు ఒట్టి చెవులతో రంపాల పక్కన నిలబడితే అంతే మరి. నువ్వు చెవులకు ఆ డిప్పలు పెట్టుకుంటున్నావా, మెడకు తగిలించుకుని తిరుగుతున్నావా? నాకు తెలుసులే, మెడకే.

వీధి చివర కొత్త షాపు ఎలా నడుస్తోందని కూడా అడిగావు. ఆ వాక్యం రాసేటప్పుడు నీ చెయ్యి కాస్తయినా తడబడలేదా అని కాగితం వెలుతురులో పెట్టి చూశాను. అక్షరాలు మామూలుగానే ఉన్నాయి.

షాపు బాగానే నడుస్తోంది. ఆ కళ్ళద్దాలాయన పోయిన ఏడాదిదాకా స్కూటర్లు బాగుచేసేవాడు కదా, ఇప్పుడు రంపాలు కూడా ముట్టుకుంటున్నాడు. మూడు నెలల క్రితం తలుపు మీద కొత్త బోర్డు పెట్టించాడు. "ఇక్కడ చైన్ రంపాలకు ముక్కు తెరవబడును" అని, ఎర్ర రంగుతో. నేను పెట్రోలు డబ్బా పట్టుకుని అటే వెళ్తున్నాను. ఆ బోర్డు చదివి ఎంతసేపు నిలబడిపోయానో తెలియదు. ఎవరో హారన్ కొడితే పక్కకు జరిగాను.

ఆ మాట ఎవరిదిరా? ముక్కు మూసి పరిగెత్తమంటే ఎవడు పరిగెడతాడే అని నాన్న అనేవాడు. చప్పుడు తగ్గాలని కంపెనీవాళ్ళు సైలెన్సరుకి సన్నటి దారి పెడతారు, పొగ లోపలే ఉక్కిరిబిక్కిరవుతుంది, ఇంజను బలమంతా అక్కడే ఆగిపోతుంది. అందుకని నాన్న పక్కన ఇంకో రంధ్రం తొలిచి, నిప్పురవ్వలు అడవిలో రాలకుండా దానికి జాలీ బిగించి, పెట్రోలు కాస్త ఎక్కువ అందేలా కార్బురేటరు స్క్రూ తిప్పి ఇచ్చేవాడు. ఆ పనికి ముక్కు తెరవడం అని మనింట్లో తప్ప ఎక్కడా అనరు. నాన్న, నేను, నువ్వు. ముగ్గురం.

రంధ్రం ఎవరైనా తొలుస్తారు. పనంతా కొలతలో ఉంది. చిన్నదైతే లాభం లేదు, పెద్దదైతే ఇంజను తన వేడికి తానే మాడిపోతుంది. నాకు కొలతలు నేర్పినప్పుడు నాన్న పెట్టిన షరతు ఒక్కటే, కాగితం మీద పెట్టొద్దని. నువ్వు కొండెక్కిన కొత్తలో, నీ రంపానికి సత్తువ లేదని అందరూ నవ్వుతున్నారని రాశావు. నాకు మనసాగలేదు. చిన్న రంపం కొలత ఉత్తరంలో పెట్టి పంపాను. నాన్న మాట మొదటిసారి జవదాటింది అప్పుడే, అదీ నీకోసమే.

బోర్డు చూశాక కూడా నీమీద అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చింది, నేనే నెట్టేశాను. నువ్వు ఎక్కడో టీ తాగుతూ నవ్వులాటకి ఆ మాట అని ఉంటావు, ఆ కళ్ళద్దాలాయన పట్టుకుని ఉంటాడు అనుకున్నాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. "పెద్ద రంపం కొలత కూడా రాయక్కా, నాకోసమే" అన్నావు. నాకోసమే అన్నదాని కింద రెండు గీతలు గీశావు. చిన్నప్పటినుంచి నువ్వు నన్ను ఎన్ని అడగలేదు, ఎప్పుడైనా ఎవరికోసమో చెప్పావా? ఆ రెండు గీతలు చూశాక నాకు కంటిమీద కునుకు లేదు.

అయినా జవాబు రాశాను. పద్నాలుగు మిల్లీమీటర్లు అని రాసి, జాలీ మర్చిపోకు అని కూడా రాశాను.

పోయిన మంగళవారం చెట్లు కొట్టే పొడుగాయన మన షాపుకొచ్చాడు. నాన్న దగ్గరికి ఇరవై ఏళ్ళుగా వస్తున్న మనిషి, నీకూ తెలుసు. కుడిచెయ్యి మెడకు కట్టి ఉంది. పెద్ద రంపం ఎడమచేత్తో మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇంజను పట్టేసిందమ్మాయ్. సగం కోతలో ఆగిపోయింది. వాలిన చెట్టు, తప్పుకునే లోపే చీలి వెనక్కి తన్నింది. భుజం ఎముక విరిగింది."

"ముక్కు ఎవరు తెరిచారు?" అన్నాను.

"వీధి చివరాయన. నేను మీ దగ్గరికే వద్దామనుకున్నా. ఇదీ మీ ఇంటి పనే, కొలతలు మీ తమ్ముడే ఇస్తున్నాడు, కొండ దిగొచ్చాక ఇద్దరం కలిసి చేస్తాం, బోర్డు మీద అతని పేరే ముందుంటుంది అన్నాడు. మీవాడే కదా అని ఇచ్చేశా."

సైలెన్సరు విప్పాను. పిస్టన్ మీద గీతలు, ప్లగ్గు సుద్దముక్కలాగా తెల్లగా ఉంది, పెట్రోలు చాలక వేడికి మాడిన గుర్తు. పద్నాలుగు మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టు తీసి రంధ్రంలో పెట్టాను. అటూ ఇటూ కదలకుండా సరిగ్గా కూర్చుంది.

నువ్వు చేసింది నమ్మకద్రోహం తమ్ముడూ. ఈ మాట మూడుసార్లు రాసి కొట్టేశాను, నాలుగోసారి ఉంచేస్తున్నాను. నాన్న నాకు నేర్పి నీకు నేర్పలేదని నీకు కడుపులో మంట ఉంటే నాతో దెబ్బలాడాల్సింది. మీదకొచ్చి అరవాల్సింది. నీ పేరు బోర్డు మీద ఉండాలని ఉందని ఒక్క మాటంటే, మన బోర్డు నేనే దింపి నేనే రాయించేదాన్ని. అక్కా అక్కా అంటూ నా చేతి రాతే పట్టుకెళ్ళి ఎదుటివాడి బల్ల మీద పెట్టావు. నీ కూతురు నా ఒళ్ళో ఉన్నప్పుడు దాని మొహంలో నీ మొహం కనబడి, ఒక్కోసారి కిందకు దింపేస్తున్నాను. ఆ పసిదాని తప్పేముంది? ఇంతకు దిగజారాను నీవల్ల.

ఇక నా సంగతి. ఇది నీకు చెప్పకుండా ఉండిపోదామని రెండు రోజులు చూశాను, కుదరలేదు.

పద్నాలుగు తప్పు కొలత. పొరపాటున రాయలేదు, తెలిసే రాశాను. అంత రంధ్రానికి సరిపడా పెట్రోలు ఆ కార్బురేటరు ఇవ్వలేదు, స్క్రూ ఎంత తిప్పినా సరే. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పని అంకె ఒకటి రాస్తే, అది ఎక్కడ తేలుతుందో చూద్దామనుకున్నాను. తేలింది.

కానీ ఒకటి ఆలోచించు. నువ్వు నిజంగా నీకోసమే అడిగి ఉంటే, ఆ రంధ్రం పడేది నీ రంపానికి. ద్రోహివైతే నీ గుట్టు వీధి చివర బయటపడుతుంది, మంచివాడివైతే రంపం నీ చేతుల్లోనే పట్టేస్తుంది. రాసేటప్పుడు ఈ సంగతి నాకు తెలుసు. పోతే ఒక పిస్టన్ పోతుంది, నేనే మార్చి ఇస్తానులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సగం కోసిన చెట్టు గురించి ఆలోచించలేదు. కాదు, ఆలోచించాను. ఆలోచించి పక్కన పెట్టాను.

ఇంకా ఉంది. బిట్టు ఆ రంధ్రంలో సరిగ్గా కూర్చున్నప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. దొరికావు అని సంతోషం వేసింది. ఆ సంతోషంతోనే తలెత్తాను, ఎదురుగా పొడుగాయన కట్టు కట్టిన చెయ్యి ఉంది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన భార్య నన్ను కూర్చోమనలేదు. వచ్చి నాన్నకు కూడా చెప్పాను, చిన్న రంపం కొలత నీకు రాసిన దగ్గర్నుంచి. చెవిలో గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది, పక్క షాపులవాళ్ళందరూ విన్నారు. నాన్న ఆ సైలెన్సరు తీసుకుని రంధ్రంలో వేలు పెట్టి తిప్పి చూశాడు.

"తప్పు కొలత మన ఇంట్లోంచి వెళ్ళిందా?" అన్నాడు.

"వెళ్ళింది నాన్నా."

"ఇద్దరికీ నేర్పాల్సింది. లేదా ఇద్దరికీ నేర్పకుండా ఉండాల్సింది," అని కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. అప్పట్నుంచి అన్నం తింటున్నాడు, మాట్లాడటం లేదు.

వీధి చివర షాపుకి కూడా వెళ్ళి, పద్నాలుగుతో ఎన్ని తొలిచావని అడిగాను. ఇదొక్కటే అన్నాడు. ఇక తొలవొద్దని చెప్పాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు తప్ప నా మొహం చూడలేదు.

ఇవాళ పొద్దున టీ పొయ్యి మీద పెడుతుంటే తట్టింది. కొలత ఇంకొకరికి ఇచ్చినవాడు తన రంపానికి పెట్టుకోడని ఏముంది? టీ అలాగే వదిలేసి బల్ల దగ్గరికి పరిగెత్తాను. లారీ మధ్యాహ్నానికి బయలుదేరుతుంది, ఈలోపు ఇదంతా రాస్తున్నాను. అడుగున గుడ్డలో చుట్టి కొత్త సైలెన్సరు పెట్టాను. అసలు కొలతకి నేనే తొలిచాను, జాలీ బిగించాను. అందులో పెట్టిన చీటీ చూసి స్క్రూ అలాగే తిప్పు. కొలుచుకుంటావని తెలుసు. కొలుచుకో. ఎవరికైనా ఇచ్చుకో. ఈసారి సరైనదే వెళ్తుంది.

నీ పాత సైలెన్సరు మాత్రం విప్పి లారీ బాబాయి చేతికి ఇచ్చి పంపు. దానికి రంధ్రమే లేకపోతే, అక్క రాసింది నువ్వు నమ్మలేదని అర్థం. పద్నాలుగు ఉంటే, నన్ను మోసం చేస్తూ కూడా నా మాట మీద నీ ప్రాణం పెట్టావని అర్థం. రెంటిలో ఏది చూడాలని ఉందో నాకే తెలియడం లేదు. పంపు, చూస్తాను.

చెవులకు డిప్పలు పెట్టుకో.

ఇట్లు,
నీకు తప్పు కొలత రాసిన
అక్క