మైకు తప్పుకున్న ఎన్నిక

అమ్మ తర్వాత నాకు అమ్మవైన అక్కకు,

నన్ను బిషప్పుగా ఎన్నుకున్నారు. ఈ మాట ఫోనులోనే చెప్పొచ్చు. కానీ వినగానే నువ్వు ఏడుస్తావు, ఆ ఏడుపు విని నేను చెప్పాల్సిన రెండో మాట మింగేస్తాను. అందుకే రాస్తున్నాను. అక్కా, ఈ ఎన్నిక మీద నాకు నమ్మకం లేదు.

గెలవాల్సింది నేను కాదు, మైకు. పాస్టరు చదువు చదివిన సెమినరీలో నాతో ఒకే గదిలో ఉన్నవాడు. వాడి గొంతుకు మేం పెట్టిన పేరది. సంఘపెద్దల్లో చాలామంది వాడివైపే. తీరా ఓట్ల పెట్టె బల్ల మీదికి తెచ్చాక వాడు లేచి, "నేను తప్పుకుంటున్నాను. మావాడి పేరు చెబుతున్నాను" అని నన్ను చూపించి కూర్చున్నాడు. బయటికొచ్చాక కారణం అడిగితే "మోకాళ్ల నొప్పులురా" అన్నాడు. ప్రార్థనకు తప్ప ఆ పదవిలో మోకాళ్లతో పనేముంది?

అప్పటినుంచి ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంటున్నాను. ఎన్నికకు ముందు వాడు పెద్దల ఇళ్లకు ఒంటరిగా తిరిగాడు. ఒకరింట్లో నేను అడుగుపెట్టేసరికి మాటలు ఠక్కున ఆగిపోయాయి. ఇంటామె నాకు కుర్చీ వేస్తూ కళ్లు పక్కకు తిప్పుకుంది. ఇంకో రోజు నా గదికి వచ్చి, "నీకు బిషప్పు కావాలని ఉందా?" అని అడిగాడు. "దేవుడి చిత్తం" అన్నాను. టీ తాగి, కాసేపు కబుర్లాడి, వెళ్లబోతూ మళ్లీ అదే ప్రశ్న, అదే గొంతుతో. నా జవాబు మారుతుందేమోనని చూశాడన్నమాట. కంఠతా వచ్చిన ప్రార్థనల్ని ఇప్పుడు పుస్తకం చూసి చదువుతున్నాడు. ఎందుకురా అని అడిగితే, "నీలా చదవడం నేర్చుకుంటున్నాను" అని నవ్వాడు. సెమినరీలో మా గురువు అన్న మాట నీకోసారి చెప్పాను: "వాడు మాట్లాడితే జనం వింటారు, నువ్వు మాట్లాడితే రాసుకుంటారు." అది మెచ్చుకోలు కాదని, నా మాట పాఠంలా ఉంటుందన్న ఎత్తిపొడుపని నాకు అప్పుడే తెలుసు. ఇన్నేళ్లయినా ఆ ముల్లు లోపలే ఉంది.

అసలు సంగతి ఆసుపత్రి అనుకుంటున్నాను. సంఘం నడిపే ఆ పాత ఆసుపత్రిని మూసేయాలని కొందరు పట్టుబడుతున్నారు. మూసేసిన బిషప్పును జనం జన్మలో క్షమించరు. ఆ పాపం నా నెత్తిన వేసి, తను మంచివాడిగా మిగిలిపోవాలని వాడి ఎత్తు.

నువ్వు అందరికీ చెప్పుకునే మన చిన్నప్పటి సంగతి ఈమధ్య నిద్ర పట్టనివ్వడం లేదు. నాన్న చేసిన శవపెట్టె వెంట నేనూ సమాధుల దాకా వెళ్లాను. వాన. పాస్టరుగారు రాలేకపోయారు. భర్త పోయిన ఆవిడ పెట్టె మీద చెయ్యి వేసి అందరి మొహాలూ చూస్తోంది. వినీ వినీ నోటికొచ్చిన ప్రార్థన నేనే గట్టిగా చెప్పేశాను. ఆవిడ నా తడి చొక్కా పట్టుకుని ఏడ్చింది. నన్నెవరూ ముందుకు తొయ్యలేదక్కా, నేనే నిలబడ్డాను. సెమినరీ అయినా, ఫ్యాక్టరీ షెడ్డులో మూడు కుటుంబాలతో మొదలెట్టిన సంఘమైనా, ఏదీ ఒకరు వదిలేస్తే నాకు దొరికింది కాదు. ఈ చివరి మెట్టు మాత్రం వాడు విసిరేసింది. నాకు వద్దు. అభిషేకానికి ముందే అందరి ఎదుటా తప్పుకుంటాను.

నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి ఏడ్చాను, తర్వాత నవ్వాను, ఆ తర్వాత ఒళ్లు మండింది. చిన్నప్పుడు గ్లాసులో పాలు పోసిస్తే, మందేమైనా కలిపానేమోనని వాసన చూసిగానీ తాగేవాడివి కాదు. ఇంత పెద్దవాడివయ్యావు, ఆ ముక్కు మాత్రం మారలేదు.

మనిషి పక్క వీధిలో ఉంటే వాడి మీద చాడీలు నాకెందుకు రాస్తావు? వెళ్లి మొహం మీదే అడుగు. వాడు నిజంగా నిన్ను ఇరికించి ఉంటే నేనే వచ్చి చెవి మెలేస్తాను. అడక్కుండా తప్పుకున్నావో, మెలితిరిగేది నీ చెవి.

అక్క

*

నా చెవి కాపాడిన అక్కకు,

వెళ్లాను. మధ్యాహ్నం వేళ. తలుపు తీసిన వాడి భార్యను పలకరించనైనా లేదు. "నన్నెందుకు ఇరికించావురా?" అని గుమ్మంలోంచే అరిచాను.

"ఎందులో?" అన్నాడు.

"ఆసుపత్రి గొడవలో!"

వాడు భార్య వైపు చూశాడు. ఈమధ్య ఏదడిగినా వాడి బదులు ఆవిడే జవాబు చెబుతోంది. అదీ నా అనుమానాల్లో ఒకటే. ఈసారి మాత్రం, "మీరే చెప్పండి" అంది. వాడే చెప్పాడు.

"ఆరాధనలో సంస్కారపు బల్ల దగ్గర, అందరికీ పంచే రొట్టె పట్టుకుని నిలబడ్డానురా. తర్వాతి మాట రాలేదు. జనం నేను భక్తిలో మునిగిపోయాననుకున్నారు, కొందరు కళ్లు కూడా తుడుచుకున్నారు. నేనేమో చీకట్లో స్విచ్చి వెతుక్కుంటున్నట్టు తడుముకుంటున్నాను. డాక్టరు ఈ మతిమరుపు పెరిగేదే గానీ తగ్గేది కాదన్నాడు. నాకు ఓటేస్తామన్నవాళ్లందరి ఇళ్లకూ వెళ్లి ఈ సంగతి చెప్పాను. నీకు మాత్రం చెప్పొద్దని బతిమాలుకున్నాను."

నేను కుర్చీ కోసం వెనక్కి చూశాను. ఆవిడే జరిపింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఒప్పుకునేవాడివా? జాలిపడి ఇచ్చారని పారిపోయేవాడివి."

"మరి జాలి కాదా?"

వాడికి కోపం వచ్చింది. "ఆ షెడ్డులో నీ ప్రసంగం వినడానికి ఎవడూ రాకపోతే, నువ్వే వాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చున్నావు. ఎవరి పిల్లకు జ్వరమో, ఎవరికి పని పోయిందో నీకు తెలిసేది. నాకు వినేవాళ్లు చాలు. నీకు మనుషులు కావాలి. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు. ఒప్పుకోవడానికి అసూయ అడ్డొచ్చింది. ఆసుపత్రి అంటావా, ఎన్ని పేచీలున్నాయో నాకు గుర్తుంటే కదా నిన్ను ఇరికించడానికి!"

ముందు నవ్వింది వాడి భార్యే. తర్వాత ముగ్గురం నవ్వాం.

నిన్న అభిషేకం. ప్రార్థన చెబుతూ నా తల మీద చేతులుంచేవాళ్లలో మైకు కూడా ఉండాలన్నాను. "తడబడితే బాగుండదు" అన్నారు పాత బిషప్పుగారు. "తడబడనివ్వండి" అన్నాను. అన్నానే గానీ, మోకాళ్ల మీద ఉన్నంతసేపూ నాకు భయమే.

వాడి వంతు వచ్చింది. రెండు చేతులూ నా తల మీద పెట్టాడు. మాట లేదు. అందించడానికి ఆ మాట నా నాలుక మీదే ఉంది, అయినా అందించలేదు. వాడు వంగి నా చెవిలో చెప్పాననుకున్నాడు గానీ, ఆ గొంతు తగ్గేది కాదు కదా, ముందు వరసలన్నీ విన్నాయి.

"ఏం చెప్పాలో గుర్తు రావడం లేదురా. ఇది నువ్వే కదా?"

"నేనే" అన్నాను.

"అయితే చాలు" అన్నాడు, చేతులు తియ్యకుండా.

నీ తమ్ముడు