చర్చి తలుపు ఒక అరగంట తెరిపించుట గురించి

ప్రజల అర్జీలు చూచు అధికారిగారి సముఖమునకు,

అర్జీదారుడు: మునేష్, తండ్రి పేరు ఓబలప్ప, వయసు యాభై ఒకటి, వృత్తి ఆటో, చదువు ఏడు ఫెయిలు, ఆండర్సన్‌పేట, కేజీఎఫ్.

విషయం: సాగరతీరం హాలిడే విలేజ్ లోపల కట్టిన కొత్త చర్చిని వచ్చే నెల తొమ్మిదో తేదీ సాయంత్రం అయిదు గంటలకు మా అమ్మ సొన్నమ్మ కొరకు అరగంట తెరిపించవలెనని.

అయ్యా,

ఈ అర్జీ కన్నడంలో రాయవలసినది. తమరు గౌనిపల్లి వారనీ, ఇంట్లో తెలుగే మాట్లాడుదురనీ తెలిసి తెలుగులో రాసుకొంటున్నాను. తప్పులుంటే మన్నించవలెను. తమాషా ఉంటే మాత్రం నమ్మవద్దు, అది చేతి అలవాటు.

1. మొదట నా నేరం నేనే ఒప్పుకొనుచున్నాను. రెండేండ్ల కింద తమరి ఆఫీసుకు ఒక అర్జీ పెట్టినాను. కోలారు జిల్లాకు సముద్రం వచ్చినందువల్ల, తుఫాను సమయంలో ఆండర్సన్‌పేట ఆటోవాళ్ళందరికీ పడవలు మంజూరు చేయవలెనని కోరినాను. అది నంబరు పడి, సీలు పడి, మత్స్యశాఖ దాకా పోయి, "పరిశీలనలో ఉన్నది" అని జవాబు కూడా వచ్చింది. అప్పటినుంచి తమరి గుమాస్తా మోహన్‌కుమార్ గారు నన్ను చూస్తేనే టీ తెప్పిస్తారు. పోయిన వారం ఈ విషయం నోటితో చెప్పబోతే, "ఇంగ ఏమి మునేషప్పా, తిమింగిలం వచ్చిందా?" అన్నారు. ఆయన తప్పు లేదు. నేను చేసిన కూర నేనే తినవలసి వచ్చింది.

2. సదరు సాగరతీరం గురించి. బెంగుళూరు కంపెనీ ఒకటి గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల పక్కన స్థలం కొని, నూటాఇరవై విల్లాలు కట్టి, నడిమధ్యలో అలల కొలను తవ్వింది. ఇసక లారీల్లో వచ్చింది. టెంకాయ చెట్లు కూడా లారీల్లోనే వచ్చినాయి. అలల మిషను శని, ఆదివారాలు మాత్రమే ఆడుతుంది. మా సముద్రానికి వారానికి అయిదు దినాలు సెలవు. దాని ఒడ్డున తెల్ల కాంక్రీటుతో, పడవ తెరచాప మాదిరి చర్చి కట్టినారు. చూసేదానికి చక్కగా ఉండాది, అబద్ధం చెప్పకూడదు. గంట లేదు, మెట్లు లేవు, గోడంతా అద్దాలు. కొంగలు వచ్చి ముక్కులు కొట్టుకొని పోతాయి.

3. మేము హిందువులము. అయినా కేజీఎఫ్‌లో చర్చికి పోనివాళ్ళు యాడ ఉండారు? బంగారు గనిలో దిగే మొగోళ్ళ కోసరం మా ఆడోళ్ళు మంగళవారం గంగమ్మకి పొంగలి పెట్టి, అదే దోవలో మేరీమాతకి కొవ్వొత్తి పెట్టి వచ్చేవాళ్ళు. ఆ చర్చీల తలుపులకి గడియ పెట్టింది నేను చూడలేదు. ఈ చర్చి మాత్రం నెలకి ఒక ఆదివారం, విల్లా ఓనర్లు వచ్చినప్పుడే తెరుస్తారు. తాళంచెవి కంపెనీ ఆఫీసులో ఉంటుంది.

4. అసలు సంగతి ఇది. ఆ చర్చి కట్టిన జాగాలో ముందు దొరసాని షాఫ్ట్ ఉండేది. గనిలోకి మనుషుల్ని దించే బావి అది. ముప్పైతొమ్మిది ఏండ్ల కింద, అదే నెల తొమ్మిదో తేదీన, మా నాయన ఓబలప్ప సెకండ్ షిఫ్టుకి దాంట్లో దిగినాడు. లోపల బండ పేలింది. ముగ్గురి శవాలు దొరికినాయి, మా నాయన దొరకలేదు. కంపెనీ పదకొండు దినాలు వెదికి, ఆ బావిని మూసేసింది. కాగితాల్లో చనిపోయినట్టు రాసినారు. మా అమ్మ ఆ కాగితం మీద వేలిముద్ర వేసింది గానీ ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోలేదంటే, షాఫ్ట్ ఊపిరి తీస్తుంది. గని మనుషులకి ఇది తెలిసిన సంగతే. పొద్దున గాలి లోపలికి పీలుస్తుంది, సాయంత్రం బయటికి వదులుతుంది. వెచ్చగా, తడి కొయ్య వాసనతో. షాఫ్ట్ మీద ఇనుప మూత బిగించినా, దానికి బొక్కలు పెట్టినారు. ప్రతి ఏడూ అదే తేదీకి మా అమ్మ రాగిముద్ద, ఉలవచారు, ఒక బీడీకట్ట తీసకపోయి ఆడ పెట్టి, మూత మీద అరచెయ్యి ఆనించి కూచునేది. గాలి తగలగానే లేచి వచ్చేది. బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. వీధిలో ఎవురన్నా వంకరగా మాట్లాడితే ఒకటే మాట: "ఊపిరి ఆడతా ఉండే మొగునికి గాజులు పగలగొట్టమంటావా? నీ ఇంట్లో అట్ల చేస్తారా?"

అది ఉత్త గాలి అని నాకు తెలుసునయ్యా. ఏడు ఫెయిలయినోడికి కూడా తెలుస్తుంది. ఆమెకు చెప్పలేదు. చెప్పి నేను సాధించేది ఏముంది?

5. చర్చి కట్టేటప్పుడు ఆ ఇంజనీర్లు తెలివిగా షాఫ్ట్‌ను పూడ్చకుండా దాని గాలిని ఒక గొట్టంతో చర్చి లోపలికి తిప్పినారు. పూజ చేసే బల్లకు ఎడమపక్క నేలలో ఇత్తడి జాలీ ఉండాది. భూమిలోనుంచి సహజమైన గాలి అని కంపెనీ కరపత్రంలో గొప్పగా వేసుకొన్నారు. మొదటి ఏడు వాచ్‌మెన్ మంచోడు, లోపలికి వదిలినాడు. అమ్మ జాలీ మీద చెయ్యి పెట్టి, "ఇప్పుడు నీడలో ఉండాడు, బాగుండాది" అనింది. రెండో ఏడుకి, అంటే పోయినేడు, వాచ్‌మెన్ మారినాడు. గేటు కాడే ఆపినారు.

6. ఇక్కడ నేను చేసిన పని రాయవలసి వస్తున్నది. రాయడానికి సిగ్గుగా ఉండాది.

అమ్మకి రెండు కండ్లలో పొర. పోయినేడు గేటు కాడ ఎండలో గంటన్నర నిలబడింది. వాచ్‌మెన్ ఒప్పుకోలేదు. ఆమెను తిరిగి ఇంటికి తీసకపోలేక, చెయ్యి పట్టుకొని చుట్టూ తిప్పి, కారు పార్కింగ్ కాడ వాననీళ్ళు పోయే మోరీ జాలీ ముందర కూచోబెట్టినాను. "ఇదేనమ్మా" అన్నాను. నున్నటి సిమెంటు, ఇనుప జాలీ. ఎవురికి తెలుస్తుందిలే అనుకొన్నాను. పుట్టినకాడినుంచి ఊరందరినీ ఏమార్చినోడిని, ఇదెంత?

ముద్ద పెట్టింది. చారు పోసింది. చెయ్యి ఆనించింది. చాలాసేపు అట్లే ఉండింది. చారు చల్లారిపోయింది. చెయ్యి మార్చి ఎడమ చెయ్యి పెట్టింది. తరువాత కొంగుతో అరచెయ్యి తుడుచుకొని, "ఊపిరి లేదురా మునేషా" అనింది.

ఇంటికి వచ్చి పక్కింటి రామక్కని పిలిచి గాజులు తీయించుకొనింది. మెట్టెలు తన చేతులతోనే తీసింది.

నేను కాళ్ళ మీద పడినాను. "అమ్మా, అది మోరీ! నేను తమాషా చేసినాను, నాయన చర్చి లోపలే ఉండాడు, బాగానే ఉండాడు" అన్నాను. నా తల నిమిరి ఏమనిందో తెలుసునా? "నన్ను ఓదార్చేదానికి చెప్తా ఉండావు. నీకు అబద్ధం చెప్పేది చేతకాదులే నాయినా."

అయ్యా, యాభై ఏండ్లుగా నేను చెప్పిన అబద్ధాలన్నీ ఆమె నమ్మింది. ఈ ఒక్క నిజం నమ్మలేదు. ఆమె చెయ్యి చెప్తే తప్ప ఇంగ నమ్మదు.

7. అప్పటినుంచి ఒంటిపూట తింటున్నది. వీధిలోకి రాదు. పెండ్లి పిలుపులకి ఇంట్లోనుంచే చేతులు జోడిస్తుంది. మొన్న ఆస్పత్రిలో డాక్టరు, రోగమేమీ లేదు, వయసు అన్నాడు. వయసు అంతకు ముందు ఏడు కూడా ఉండింది.

8. నేను తిరిగిన చోట్లు: కంపెనీ ఆఫీసులో, చర్చి ఓనర్లకు మాత్రమే అన్నారు. ఓనర్ల సంఘంలో, కంపెనీని అడగమన్నారు. ఆ చర్చిలో పూజకు వచ్చే ఫాదర్ ఆరోగ్యస్వామి గారు ముసలాయన, ఆయన నాయన కూడా గనిలోనే పని చేసినాడు. నా మాట అంతా విని కండ్లజోడు తీసి తుడుచుకొని, "నాకు పూజ చేసే హక్కు ఉండాదప్పా, తలుపు తీసే హక్కు లేదు. రెండుసార్లు జాబు రాసినాను, నాకూ నీ మాదిరే జవాబు వచ్చింది" అన్నారు. జవాబు ఏమంటే, పరిశీలనలో ఉన్నది.

9. జాలీలోనుంచి తడి కొయ్య వాసన వస్తున్నదని ఓనర్లు కంపెనీకి ఫిర్యాదు పెట్టినారు. వచ్చే నెల పదో తేదీన గొట్టంలో కాంక్రీటు పోసి మూసేస్తారట. వాచ్‌మెనే చెప్పినాడు, పాపం, తల దించుకొని. అందువల్ల తొమ్మిదో తేదీ తప్పితే పదకొండో తేదీకి నాకు ఏ ఉత్తర్వూ పనికిరాదు.

కావున తమరు కంపెనీకి ఒక ముక్క రాసి, ఆ అరగంట ఇప్పించవలెను. సాయంత్రమే కావలెను, పొద్దున షాఫ్ట్ లోపలికి పీలుస్తుంది, చేతికి ఏమీ తగలదు. మేము చెప్పులు బయటే విడుస్తాము. ముద్ద నేల మీద పెట్టము, ఆకు వేస్తాము, ఎత్తుకొని వచ్చేస్తాము. బీడీ వెలిగించము. పోలీసును తోడు పంపినా సరే. కావలెనంటే నన్ను గేటు బయటే నిలబెట్టి, ఆమెను ఒక్కదాన్నే పంపవచ్చును. జరుగుతుందని నాకు నమ్మకం లేదు. అయినా రాసుకొంటున్నాను, ఇంగేమి చేసేది తెలియక.

ఇదంతా చిత్తగించవలెను. చిత్తగించినాక నవ్వు వస్తే, సంతకం పెట్టినాక నవ్వవలెను.

ఇట్లు
తమ విధేయుడు, ఈ ఒక్కసారికి నిజంగానే,
మునేష్

మరిచినది: రాసింది చదివి వినిపించమని అమ్మ అడిగింది. మోరీ సంగతి, ఉత్త గాలి అన్న మాట వదిలేసి మిగతాది చదివినాను. అంతా విని, "పైన మీ నాయన పేరుకి ముందర లేట్ అని రాయలేదే? ఆఫీసోళ్ళు తప్పు పడ్తారు, రాయి" అనింది. పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేసినాను. రాయలేదు. రాసినానని ఆమెకు చెప్పినాను. రాయవలెనా వద్దా అనేది తొమ్మిదో తేదీ సాయంత్రంలోపల తమరే తేల్చి చెప్పవలెను.