మర తిప్పాను

పిచ్చుకా,

ఎలా ఉన్నావే తల్లీ. పోయిన వారం వచ్చినప్పుడు గోడౌను పనికి వేసుకునే నీ పంట్లాం మంచం కింద వదిలేసి వెళ్ళావు. మర్చిపోయావో, దాచావో నీకే తెలియాలి. ఉతుకుదామని తీశాను. తీశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మీ అక్క పోయి పది నెలలైంది. ఆఖరిసారి అది మిషను మీద పల్చటి వాయిలు జాకెట్టు కుట్టింది. దారం బిగువు మర ఎక్కడికి తిప్పి లేచిందో ఇన్నాళ్ళూ అక్కడే ఉంచాను. కదిపితే దాని చెయ్యి ఇంట్లోంచి పోతుందని భయం. ఆ బిగువుకి పల్చటి బట్టలే కుదురుతాయి. లావు గుడ్డ ఎవరు తెచ్చినా, సూది విరుగుతుందని అబద్ధం చెప్పి పంపేశాను. పక్కింటావిడ ఊరుకుంటుందా? "ఏం వదినా, నీ మిషను పత్యంలో ఉందా? పల్చటివి తప్ప అరగవా?" అని నలుగురిలో అనేసింది. నవ్వి ఊరుకున్నాను. నువ్వడిగినప్పుడు మాత్రం నవ్వలేదు. "అమ్మా, మోకాలి దగ్గర చిరిగింది, కాస్త కుట్టి పెట్టవా" అన్నావు. "బయట కుట్టించుకో పో" అని కసిరాను. నువ్వు మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు చూశాను. నీలం గుడ్డ మీద తెల్లదారంతో నీ చేతికుట్లు, ఒకదాని మీద ఒకటి మూడు వరసలు. నీ కుట్టు కన్నా కాకిగూడు నయం. అక్షరాలు కూడబలుక్కునే దాన్నే గానీ చిరుగు చూస్తే నాకు తెలుస్తుంది. మేకు పట్టుకుంటే గుడ్డ మూలగా చిరుగుతుంది. ఇది నేలకి రాసుకుని పోగులు పోయింది. లోపల రక్తం మరక. ఎన్నిసార్లు పడ్డావే? పోయినదాని మరకి కాపలా కాస్తూ, ఉన్నదాని మోకాళ్ళు చూడలేదు నేను.

నిన్న పొద్దున్నే మిషను ముందు కూర్చున్నాను. మర ఉన్నచోట పెన్సిలుతో గీత పెడదామనుకున్నాను. పెట్టలేదు. గీత ఉంటే మళ్ళీ అక్కడికే తిప్పేస్తాను. కళ్ళు తుడుచుకుని తిప్పాను. ఏమీ కాలేదే పిచ్చుకా, మర తిరిగింది, అంతే. మొదట అడుగున దారం ఉండలు కట్టింది. విప్పాను. మళ్ళీ కట్టింది, మళ్ళీ విప్పాను. లావు సూది మార్చి, లోపల రెండు పొరల కాన్వాసు అతుకు పెట్టి, గుడ్డని ముందుకీ వెనక్కీ లాగుతూ చిరుగంతా దారంతో నింపాను. రెండో మోకాలికీ వేశాను. ఇక లావు గుడ్డలు ఎవరు తెచ్చినా కుడతాను. పక్కింటావిడ తన గోనె సంచులు అప్పుడే తెచ్చి పడేసింది.

శనివారం పంట్లాం పట్టుకుని నేనే వస్తున్నాను. వద్దనకు. నీ మోకాళ్ళు నాకు చూపించాలి.

ఇంకొకటి. నడుము దగ్గర రెండు పిన్నీసులు పెట్టుకున్నావు. అంత చిక్కిపోయావా? ఖాళీ కడుపుతో బరువులెత్తితే కళ్ళు తిరిగి పడవూ మరి? పిన్నీసులు తీసేశాను. నడుము మాత్రం బిగించను. రోజూ కడుపు నిండా తిను.

నీ అమ్మ