చెరువు పాచి తాగొద్దు నాయనా

విశాఖపట్నం,
ఆదివారం

నాయనకూ అమ్మకూ పెద్దకూతురు రత్నమ్మ దండాలు. నేను బాగున్నాను. మీరెలా ఉన్నారో అడిగే పని లేకుండా తమ్ముడు అంతా రాసేశాడు. చదివి ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అయినా నేను బాగున్నాను, దిగులు పెట్టుకోవద్దు.

ఇక్కడ ఒకటే ఉక్క. పొద్దున ఉతికిన చీర సాయంత్రానికీ ఆరదు. రోజూ చేపల కూరే, రాగి సంగటి మీదికి మనసు పోతోంది. కాలేజీలో ఎలుకల గది నాదే. బోన్లు కడగాలి, మేత వేయాలి, ఒక్కోదాన్నీ తూచాలి. గొర్రెలు పట్టిన చేయి కదా, కరవకుండా ఎలుకను పట్టడంలో నా తర్వాతే ఎవరైనా అంటుంది ఈ పరిశోధన చేయించే మేడమ్.

పోయిన ఉత్తరంలో నేనే నోరు జారాను. టీబీ మాత్రల మందు ఎక్కువగా పోస్తే ఎలుకల కార్జం చెడుతోందనీ, సముద్రపు నాచు రసం తాగినవాటికి అంతగా చెడలేదనీ గొప్పగా రాశాను. అంతే, నువ్వు నీ టీబీ మాత్రలు మింగడం మానేసి గూట్లో పెట్టేశావట. మనకు సముద్రం లేకపోతేనేం అని అమ్మ చెరువు పాచి తీసి, రుబ్బి, మజ్జిగలో కలిపి ఇస్తోందట. పైగా నువ్వు అందరితో, "మా పాప కనిపెట్టిన మందప్పా ఇది, ఇంగ మాత్రలు ఎందుకు" అంటున్నావట. నేనేమీ కనిపెట్టలేదు నాయనా. నేను బోన్లు కడుగుతాను.

తమ్ముడి ఉత్తరం మేడమ్‌కు చదివి వినిపించాను. తిడుతుందనుకున్నా, తిట్టలేదు. కూర్చోబెట్టి చెప్పింది. చెరువు పాచి వేరు, సముద్రపు నాచు వేరట. ఆ నాచు రసం కూడా ఇంకా ఎలుకల దగ్గరే ఉంది, మనుషుల దాకా రాలేదట. మాత్రలు మధ్యలో ఆపితే జబ్బు మొండికేసి, తర్వాత ఏ మందుకూ లొంగదట. అందుకని ఈ ఉత్తరం అందిన రోజే పెనుకొండ ఆసుపత్రికి పో. ఎన్నాళ్లు ఆపావో దాచకుండా చెప్పి, వాళ్లు ఎలా మింగమంటే అలా మింగు. కళ్లు పచ్చబడినా, అన్నం సయించకపోయినా అదీ వాళ్లకే చెప్పు. అమ్మను ఏమీ అనొద్దు, తప్పు నాది.

అవ్వకు నా దండాలు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త పప్పుల పొడి పంపించండి.

పోయినసారి రాయకుండా వదిలేసిన మాట ఒకటుంది. మా ఎలుకల్లో ఒక్కదానికీ టీబీ లేదు. బాగున్నవాటికి మేమే మందు పోసి చెడగొడతాం. నాచు రసం తాగి తేరుకున్నవాటినీ చివరికి కోసి చూస్తాం. వాటికి బతకాల్సిన పని లేదు నాయనా. నీకుంది.

నీ దీవెన కోసం ఎదురుచూసే
రత్న