కోరుట్ల నుంచి వచ్చిన అత్త

జగిత్యాల,
సోమవారం.

మా బాపు తిరుపతికి, జగిత్యాల హాస్టల్ నుంచి నీ బిడ్డ కల్యాణి దండం పెట్టి రాస్తున్నది.

నేను మంచిగున్న. నువ్వు, నన్ను కన్న అవ్వ మంచిగున్నరని తలుస్తున్న. ఇక్కడ మా ఫోన్లు తీసుకొని బీరువల పెట్టిన్రు, కోర్సు అయ్యేదాక ఇయ్యరట. ఇచ్చినా ఏం లాభం? ఇన్నేండ్లు బట్ట నేసే సాంచల సప్పుడుల నిలవడి నీకు ఫోన్ల మాట ఇనరాదు. నేను 'అన్నం తిన్నవా' అంటె నువ్వు 'షెడ్డు ఆసామి ఇంకా రాలే' అంటవు. అందుకే దినేశ్ సార్ "వారానికో ఉత్తరం కంప్యూటర్ మీద కొట్టి ఇంటికి పంపుండ్రి, అదే మీకు ప్రాక్టీసు" అన్నప్పుడు అందరికంటె ముందు నేనే చెయ్యి లేపిన.

కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు అంటె కంప్యూటర్‌కు సదువు అనుకున్న గని, ముందుగాల సదువంత వేళ్లకే. సార్ అన్నిటికంటె ఎక్కువ చెప్పేది షిఫ్ట్ గురించి. "షిఫ్ట్ ఇడిచిపెడితె పనంత ఖరాబైతది" అంటడు. నాకు షిఫ్ట్ ఇంకా మంచిగ రాదు. పొద్దుందాక షిఫ్ట్ పట్టి పట్టి చిటికెన వేలు వాచింది.

ఇంకో ముచ్చట. నాకు అత్త దొరికింది! నా పక్క మంచం పిల్ల లావణ్య వాల్లకు కోరుట్లల చెప్పుల దుకాణం ఉన్నది. ఆదివారం ఇంటికి పోయినప్పుడు నా కోసం కోరుట్ల నుంచి మంచి అత్తను పట్టుకచ్చింది. పైస తీసుకోలే. పని చేసేటప్పుడు సార్ మా చేతుల మీద అత్తను పెడ్తడు. అత్త ఉంటె కిందికి చూసేది లేదు. అత్త అడ్డముంటేనే పని వస్తదట. మొదటి రోజు నాకు ఏడుపచ్చింది. ఇప్పుడు అత్త లేకుంటె చేతులే ఆడుతలేవు.

కోర్సు చివర పరీక్ష ఉంటది బాపూ. పాసైతేనే సర్టిఫికెటు, సర్టిఫికెటు ఉంటేనే ఉద్యోగం. నన్ను సాంచల షెడ్డు దిక్కు, బీడీల చాట దిక్కు పోనియ్యనని అందరితోని కొట్లాడి పంపినవు. అది నాకు యాదికున్నది.

ఉంట మరి.
నీ బిడ్డ,
కల్యాణి

తా.క. తప్పు కొడితె కంప్యూటర్ ఆ మాట కింద ఎర్ర గీత గీస్తది. మన దిక్కు మాటలకు సుత గీస్తది గని, అవి తప్పులు కావు, ఊకో అన్నడు సార్. మిగిలిన గీతలన్ని సరిజేసిన. కాబట్టి గీ ఉత్తరంల ఒక్క తప్పు కూడ లేదు.

*

సిరిసిల్ల,
గురువారం.

కల్యాణికి మీ బాపు దీవెనలు. దీవెనలు అలవాటు కొద్ది రాసిన. కోపం అట్లనే ఉన్నది.

నీ ఉత్తరం షెడ్డులనే సదివిన. సదువుతుంటె రెండు సాంచల మీద పోగులు తెగినయి, నేను చూసుకోలే. ఆసామి తిట్టిండు గావచ్చు, ఇనవడలే.

ఏందే గీ షిఫ్టు? పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు అనుకుంట నా చెవులు పోయినయి, నడుము పోయింది. నా బిడ్డ జిందగిల షిఫ్టు మొకం చూడద్దని సదువుకు పంపితె, వాల్లు నీతోని షిఫ్టు చేపిస్తున్నరా? పైగ ఇడిచిపెడితె పని ఖరాబైతదని తిడుతున్నరా? పగటిదా రాత్రిదా, గది సుత రాయలే నువ్వు.

గా అత్త ఎవలు? మాకు చెప్పకుంట అత్తను తెచ్చుకునేటంత పెద్దదానివైనవా? అత్త ఉన్నదంటె ఆ అత్తకు కొడుకు ఉంటడు. వాని పేరు ఉత్తరంల యాడ లేదు. కాయిదం ఎనుకకు తిప్పి చూసిన, ఆడ సుత లేదు. ఆ లావణ్యకు చెప్పు, చెప్పుల దుకాణమోల్లు చెప్పులమ్మాలె గని అత్తలను పంచుడేంది? అదిగాక సార్ మీ చేతుల మీద అత్తను కూసోవెడ్తడా? చిటికెన వేలు వాచక ఏమైతది!

పరీక్ష వద్దు, ఏం వద్దు. నేనచ్చి తోల్కపోత. సామాను సదురుకో.

కోపంతోని,
మీ బాపు తిరుపతి

తా.క. మీ అవ్వ పక్కన కూసోని గిది సుత రాయుమంటాంది: కోరుట్ల అత్తకు నోట్ల పండ్లున్నయా, బీడీలు చుడుతదా, కూర మంచిగ వండుతదా? గివన్ని అడుగుడు కాదు ఇప్పుడు అన్న. ఆమె ఇంటలేదు.

*

జగిత్యాల,
సోమవారం.

బాపూకు కల్యాణి దండాలు.

నీ ఉత్తరం ఇంకా రాలే. రాకున్నా నా వారం ఉత్తరం నేను రాయాలె కద, రాస్తున్న.

ఈ వారం నాకు పెద్ద కష్టమచ్చింది. లావణ్య నా అత్తను బట్టలారేసే కాడ మరిచిపోయింది. రాత్రంత వాన. తెల్లారి చూస్తె అత్త నాని ఉబ్బి ఇంత లావైంది! ఇద్దరం చెరో దిక్కు పట్టి హాస్టల్ మీదికి ఎక్కిచ్చి ఎండల ఆరేసినం. ఆరుకుంట వంగిపోతాందని మీద బండరాయి పెట్టినం. అయినా మూలలు లేచినయి, కత్తెరతోని కోసిన. ఇప్పుడు కొద్దిగ నయం గని ఎనుకటి అత్త కాదు. ముట్టుకుంటె పొట్టు రాలుతాంది.

లావణ్య "పారేద్దాం, కొత్త అత్తను తెస్త, మా దుకాణంల కుప్పలు కుప్పలున్నయి" అన్నది. నాకే మనసు రాలే.

వచ్చే వారం శుక్రవారమే పరీక్ష. ఎవల అత్తను వాల్లే తెచ్చుకోవాలె, అత్త లేంది లోపల కూసోనియ్య అన్నడు సార్. నాకు బుగులైతాంది బాపూ. పరీక్ష తప్పితె నా బతుకు మళ్ల ఆ షెడ్డు సప్పుడులనే కద. రాత్రి పండుకున్నా వేళ్లు దుప్పటి మీద కొట్టుకుంటనే ఉన్నయి.

అవ్వను అడిగిన్ననని చెప్పు.
కల్యాణి

తా.క. మిగిలిన అత్త ముక్కలు ఊకె పారేసుడెందుకని తలుపు కొట్టుకోకుంట సందుల పెట్టినం. మస్తు పనికచ్చినయి.

*

సిరిసిల్ల,
శనివారం.

బిడ్డా కల్యాణీ, ముందుగాల ఈ ఉత్తరం సదివినంక చింపెయ్యి.

మొన్నటి ఉత్తరం పోస్టుల ఎయ్యమని ఆసామికిస్తె, ఆయన అంగి జేబుల పెట్టుకొని మరిచిపోయిండట. అది, ఇది ఒక్క కవర్ల పెట్టి పంపుతున్న. ముందు కోపంది సదువు, తర్వాత ఇది సదువు.

అత్త చెడ్డదైతె మాటనాలె బిడ్డా. మన ఇండ్లల్ల కత్తెర పోగులు కోసేటందుకే ఉంటది. ముసలామెను వానల మరిచిపోతరా? ఎండల ఆరేస్తరా? మీద బండరాయి పెడ్తరా? తలుపు సందుల ముచ్చట నేను మీ అవ్వకు సదివి చెప్పలే. ఆమె ఇప్పటికే రెండు చాటల బీడీలు తప్పు చుట్టింది.

నా వల్ల గాక మీ ఆఫీసుకు ఫోన్ చేసిన. ఇటు సాంచలు నడుస్తున్నయి. "అత్త పానం ఎట్లున్నది" అని అడిగిన. అటు మనిషి ఏందో చెప్పి నవ్విండు. నవ్విండంటె బతికే ఉన్నది అనుకున్న. ఆమెకు పలుసటి గంజి పొయ్యి.

ఇగ పరీక్ష ముచ్చట. తోల్కపోత అని కోపంల రాసిన. గని నీ ఉత్తరం మళ్ల మళ్ల సదివిన. అంత లొల్లిల సుత 'మళ్ల ఆ షెడ్డు సప్పుడే కద' అని రాసినవు సూడు, తోల్కపోత అన్న మాట ఆడనే ఎనుకకు తీసుకున్న. నువ్వు పరీక్ష రాయి. మిగిలిన సంగతి తర్వాత.

ఆ కోరుట్ల అత్త లేచి నడిచే తీరుల లేదని నాకు సమజైంది. అయితె ఏంది? నీకు సొంత అత్త లేదా? ఎల్లారెడ్డిపేటల మా అక్క శంకరవ్వ ఉన్నది. శుక్రవారం పొద్దుగాల ఆమెను తీసుకొని నేనే అస్తున్న.

ముందు అక్క రానన్నది. ఆమె కోడలు సంగీత ఇంటర్ సదివి, నీతోని ఆ కోర్సుకే పోత అని ఏడ్చినా 'కోడలు గడప దాటద్దు' అన్న మనిషాయె. నేను "అక్కా, ఆడ అత్త లేంది పరీక్షల కూసోనియ్యరట" అన్న. "అత్తలకు గంత ఇలువిచ్చే సదువు ఉన్నదా?" అని పెట్టెల నుంచి పట్టుచీర తీసింది.

ధైర్యంగుండు.
మీ బాపు

తా.క. మీ అవ్వ అంటాంది: ముసలామెది చేతి పొడుగు జాకీటు అయితె, ఆ కోసిన మూలలు కనవడయట.

*

జగిత్యాల,
బుధవారం.

బాపూ! అత్త కాదు! అట్ట! అట్ట! అట్ట!

నీ ఉత్తరాలు రెండూ ఇయ్యాల్నే అందినయి. సదివి లావణ్య మంచం మీది నుంచి కిందవడ్డది. అది నవ్వితె నాకు ఏడుపస్తాంది.

చెప్పుల డబ్బ అట్ట బాపూ. టైపింగు నేర్చుకునేటప్పుడు అక్షరాల దిక్కు చూడకుంట కొట్టాలె. అందుకని చేతుల మీద అట్ట అడ్డం పెడ్తరు. వానల నానింది అట్ట. కత్తెరతోని కోసింది అట్ట మూలలు. నాకు అత్త లేదు, అత్త కొడుకు లేడు.

షిఫ్ట్ అంటె డ్యూటీ కాదు, కంప్యూటర్ మీద ఒక మీట. 'త'కు, 'ట'కు మీట ఒకటే. ఉత్తగ కొడితె 'త' పడ్తది, షిఫ్ట్ మీట పట్టి కొడితె 'ట' పడ్తది. నా చిటికెన వేలికి షిఫ్ట్ అందక అట్ట పోయి అత్త అయింది. మిగిలిన తప్పులకు ఎర్ర గీత పడ్డది గని, అత్త మంచి మాటనే కద, దానికి గీత పడలే!

దినేశ్ సార్‌కు చెప్పిన. సార్ బోర్డు మీద పెద్దగ రాసిండు: 'షిఫ్ట్ ఇడిచిపెడితె అట్ట అత్త అయితది.' ఇప్పుడు అందరు నన్ను కోరుట్ల కోడలు అంటున్నరు.

నువ్వు కోపంల సుత పరీక్ష రాయి అన్నవు. ఆ ఒక్క మాట సించుకొని దిండు కింద పెట్టుకున్న. తప్పక పాసైత.

నీ బిడ్డ,
కల్యాణి

తా.క. శంకరవ్వ అత్తను తేవద్దు. నీ కాల్మొక్త బాపూ, తేవద్దు.

*

సిరిసిల్ల,
ఆదివారం.

మా ఇంటి ఆపరేటరమ్మ కల్యాణికి, మీ బాపు నిండు మనసుతోని దీవించి రాసేది.

తేవద్దన్న నీ ఉత్తరం, తెచ్చి మళ్ల ఇంటికచ్చినంక అందింది.

శుక్రవారం నీ ముందట నేను ఏం మాట్లాడలే. నా గొంతు ఎంత పెద్దగస్తదో నాకే తెల్వది, నీ దోస్తుల ముందట ఎందుకని ఊకున్న. అందుకే రాస్తున్న. నువ్వు తల లేపలే, బయట ఏమైందో నీకు ఎరుక లేదు.

గేటు కాడాయన ఎవలు అన్నడు. "పరీక్షకు అత్తను తెచ్చిన" అన్న. ఆయన అక్క పట్టుచీర చూసి పెద్దమేడం అనుకున్నడో ఏందో, సలాం కొట్టి ఇడిచిపెట్టిండు. కిటికీల నుంచి లోపలికి చూసిన. గది నిండ పిల్లలు పని చేస్తున్నరు, సప్పుడు లేదు. ఇగ నా చెవులు పూర్తిగ పోయినయని బుగులైంది. అప్పుడు అక్క దగ్గింది, ఇనవడ్డది. చెవులు ఉన్నయి, ఆ గదిలనే సప్పుడు లేదు. సప్పుడు లేని కాడ నా బిడ్డ పని చేస్తాంది! కండ్లల్ల నీళ్లచ్చినయి, దాచుకునుడెందుకు.

అందరి చేతుల మీద అట్టలున్నయి. అప్పుడు సమజైంది నాకు. సమజైనంక సిగ్గైంది. అక్కను ఎనుకకు తోల్కపోదామని తిరిగిన్నో లేదో, నీ అట్ట నడుమకు ఇరిగి కిందవడ్డది. సార్ లేచిండు. అక్క చెప్పులిడిచి లోపలికి నడిచింది. సార్ "అట్ట ఏది?" అన్నడు. మా అక్క "నేనే, అత్తను" అన్నది. సప్పుడు లేని గది కద, నాకు సుత సాఫ్ ఇనవడ్డది.

పట్టుచీర కొంగు నీ చేతుల మీద కప్పి, "కొట్టు బిడ్డా, నేనున్న" అన్నది. సార్ నవ్వాపుకోలేక అటు తిరిగిండు. నువ్వు కొట్టుడు మొదలువెట్టినవు.

నిన్న సార్ ఆసామికి ఫోన్ చేసిండు. ఆసామి ఉరికచ్చి, నేను ఇనాలని, షెడ్డుల సాంచలన్ని బందు పెట్టిచ్చిండు. షిఫ్టు నడుమ సాంచలు బందైంది నేనెన్నడు చూడలే. అందరు నిలవడి చూస్తున్నరు. ఫోన్ చెవికి పెట్టుకున్న. "కల్యాణి పాసైంది, కోరుట్లల బట్టల దుకాణంల బిల్లులు కొట్టే ఉద్యోగం సుత దొరికింది" అన్నడు సార్. ఒక్క మాట తప్పిపోకుంట ఇన్న బిడ్డా. ఇన్నేండ్లకు నేను ఫోన్ల సాఫ్‌గ ఇన్న మాట అదే.

ఇగ నువ్వు ఎంత షిఫ్ట్ పట్టినా నేను ఏమన.

మురుసుకుంట,
మీ బాపు తిరుపతి

తా.క. మీ అవ్వ అంటాంది: ఉద్యోగం కోరుట్లల్నే అంటున్నరు, ఆడ నిజంగనే అత్త దొరికితె ముందుగాల మాకు చెప్పాలెనట. పండ్లు లేకున్నా మంచిదేనట.

ఇంకో తా.క. శంకరవ్వ ఎల్లారెడ్డిపేటల పరీక్ష తనే పాసైనట్టు ఊరంత చెప్పుకుంటాంది. వచ్చే బ్యాచ్‌ల కోడలు సంగీతను చేర్పిస్తదట, సూట్‌కేసు సుత తనే కొనుక్కచ్చింది. ఒక్కటే మెలిక: కోడలికి అట్ట వద్దట, అత్తనే అడ్డముంటదట. హాస్టల్ల ఆమెకు సుత ఒక మంచం దొరుకుతదా, దినేశ్ సార్‌ను అడిగి రాయి.